అందరికీ ఒకే గిన్నె: కావలిలో పసిపిల్లల చిరుతిళ్ల డైరీ

జనవరి 3

ఏం చేయబోతున్నానో ముందే రాసిపెట్టుకుంటున్నాను.

మా ఇంట్లో పగలంతా ఉండే పిల్లలు ఏడాదిన్నర నుంచి మూడేళ్ల లోపువాళ్లు. తల్లులు బ్యాంకుకో, బడికో, బట్టల కొట్టుకో పోతూ పొద్దున్నే దించి వెళ్తారు. వీళ్లలో ఒక బాబుకి పాలు, శెనక్కాయలు పడవు. ఒక పాపకి గుడ్డు పడదు. సంక్రాంతి అయ్యాక కొత్తగా వచ్చే బాబుకి గోధుమ పడదు. ముగ్గురికీ పిల్లల డాక్టరు పరీక్ష చేసి తేల్చి చెప్పినవే ఇవి, ఇంట్లోవాళ్లు ఊహించుకున్నవి కావు.

ఇన్నాళ్లూ పొద్దున పదిన్నరకి, మధ్యాహ్నం మూడున్నరకి ఎవరి డబ్బా వాళ్లకి విప్పి పెడుతున్నాను. పక్కవాళ్ల బిస్కెట్టు మీద చెయ్యి పడకుండా పాలు పడని బాబుని గోడవారగా విడిగా కూర్చోబెట్టాల్సి వస్తోంది. ఎందుకు విడిగా కూర్చోబెట్టారో రెండేళ్ల బిడ్డకి అర్థం కాదు. తనొక్కడే విడిగా ఉన్నాడని మాత్రం బాగా తెలుస్తుంది. వాడు అటువైపు చూసే చూపు నా మనసుకి పట్టుకుంది.

అందుకే ఈ పని. పాలు, గుడ్డు, శెనక్కాయ, గోధుమ నాలుగూ లేకుండా, అందరూ ఒకే చాప మీద కూర్చుని ఒకటే తినేలా చిరుతిళ్లు చేయాలి. ఉగాదికల్లా వారం పొడవునా నడిచే వరస ఒకటి కుదరాలి. మన వైపు పండేవాటితో, మన ఇళ్లలో ఎప్పటినుంచో చేసుకునేవాటితో ఇది కుదురుతుందని నా నమ్మకం. ఖరీదైన పొట్లాలు కొనే ఉద్దేశం లేదు.

జనవరి 6

సాయంత్రం పిల్లల కోసం వచ్చినప్పుడు తల్లులందరినీ కాసేపు కూర్చోబెట్టాను. పాలు పడని బాబు వాళ్ల జేజి కూడా వచ్చింది. "ప్యాకెట్టు పాలు పడకపోతే ఏమిలేమ్మా, మా అన్న వాళ్లింట్లో ఒంగోలు ఆవుంది, ఆ పాలు పట్టిద్దాం. నాటావు పాలు పడని బిడ్డ ఉంటాడా?" అంది.

ఆ ఆవంటే మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎంత గౌరవమో నాకు తెలుసు, నాకూ అంతే. కానీ బాబు ఒళ్లు ఎదురుతిరిగేది పాలలో ఉండే ప్రొటీన్ల మీద. కేసీన్, వే అని రెండు రకాలు. ఒంగోలు ఆవు పాలలో అవి ఉంటాయి, ఏ2 అని పేరు పెట్టి అమ్మే పాలలోనూ ఉంటాయి. గేదె పాలలో, మేక పాలలో ఉండే ప్రొటీన్లు కూడా వాటికి చాలా దగ్గరివే. ఆవు పాలు పడని బిడ్డకి అవీ పడకపోవడమే ఎక్కువ. నెయ్యి కాచినా ప్రొటీన్ జాడ మిగిలిపోవచ్చు కాబట్టి బాబు డాక్టరు నెయ్యి కూడా వద్దన్నారు. పాలు అరగక కడుపు ఉబ్బరించడం వేరే సంగతి, అది లాక్టోజ్ అనే చక్కెర వల్ల వస్తుంది. ఇది అది కాదు. వీడికి తాగిన కాసేపటికే ఒంటి నిండా దద్దుర్లు లేచి, పెదాలు వాచి, వాంతి అయింది.

ఇదంతా విని జేజి, "అయితే బిడ్డ జన్మంతా పెరుగన్నం తినకుండానే ఉంటాడా?" అని కళ్లు తుడుచుకుంది. అలా ఏమీ లేదని చెప్పాను. పాలు, గుడ్డు పడని పిల్లల్లో ఎక్కువమందికి పెద్దయ్యేకొద్దీ పడతాయి. శెనక్కాయ సంగతి కొంచెం మొండిది, అయిదుగురిలో ఒకరికి మాత్రమే తగ్గుతుంది. మళ్లీ ఎప్పుడు పెట్టి చూడాలన్నది డాక్టరు చెప్పాలి, ఆస్పత్రిలోనే పెట్టి చూడాలి. ఇంట్లో "ఒక్క చుక్క నాకిద్దాం" అనే ప్రయోగం వద్దంటే వద్దు. జేజి ఒప్పుకుంది.

బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఇంకో మాట అడిగింది. "అక్కా, అయితే మా పాపకి కూడా ఇంట్లో శెనక్కాయలు మానేయాలా?" ఇది అడగాల్సిన ప్రశ్నే. మానకూడదు. పసిపిల్లలకి శెనక్కాయ ఆలస్యంగా పెట్టడం మంచిదని ఒకప్పుడు అనుకునేవాళ్లు. లీప్ అనే పరిశోధన ఫలితాలు 2015లో వచ్చాక ఆ మాట తిరగబడింది. ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పసివాళ్లకి 4 నుంచి 11 నెలల మధ్య శెనక్కాయ మొదలుపెట్టి, అయిదేళ్లు వచ్చేదాకా మానకుండా పెడితే, వాళ్లలో శెనక్కాయ ఎలర్జీ చాలావరకు తగ్గిపోయింది. కాబట్టి పడే పిల్లలకి ఇంట్లో మెత్తని పొడిగానో, ముద్దగానో నూరి పెడుతూనే ఉండాలి. గింజ గింజగా మాత్రం ఈ వయసులో ఎవరికీ పెట్టకూడదు, గొంతులో అడ్డం పడుతుంది. మా ఇంటికి వచ్చేముందు మూతి, చేతులు సబ్బుతో కడిగి పంపితే చాలు. శానిటైజర్ రాస్తే సరిపోదు, శెనక్కాయ జాడ చేతి మీద అలాగే ఉండిపోతుంది.

చివరికి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఏ పదార్థమైనా బిడ్డ మొదటిసారి తినేది మా ఇంట్లో కాకూడదు. తల్లి ముందుగా ఇంట్లో పెట్టి చూసి, నా పుస్తకంలో టిక్కు పెట్టాకే నేను వండుతాను. పప్పుల విషయంలో ఇది మరీ ముఖ్యం. శెనక్కాయ పడనంత మాత్రాన కంది, పెసర, మినుము పడవని కాదు. అయినా ఒక్కోటీ విడిగా చూసుకోవాల్సిందే.

జనవరి 8

వంటింట్లో మార్పులు. పిల్లల వంటకి కొత్త మిక్సీ జారు, కొత్త కత్తిపీట, ఒక ఇనప పెనం, పొంగణాల పెనం విడిగా తీశాను. ఉదయగిరి చెక్క గరిటెలు, చిన్న చెంచాలు కొత్తవి తెప్పించాను. చెక్క పీల్చుకునే గుణం ఉన్నది కాబట్టి ఇంట్లో వాడేవాటిని వీటిలో కలపను. వీటి కాడలకి ఎర్ర దారం చుట్టాను.

నూనె దగ్గర ఆగి ఆలోచించాల్సి వచ్చింది. మా ఇంట్లో వాడేది గానుగ శెనగనూనె, రుచికి దాన్ని మించింది లేదు. బాగా రిఫైన్ చేసిన శెనగనూనెలో ప్రొటీన్ దాదాపు ఉండదు గానీ, గానుగ నూనెలో ఉంటుంది. పైగా అదే గానుగలో నువ్వులూ ఆడతారు. నువ్వుల సంగతి బాబుకి ఇంకా పరీక్ష చేయలేదు. పిల్లల వంటకి సీలు వేసిన పొద్దుతిరుగుడు నూనె సీసా విడిగా పెట్టాను.

జనవరి 12

రేపు, ఎల్లుండి పండగ హడావుడి. ఈ రోజు మొదటిసారి అందరికీ ఒకటే పెట్టాను.

పొద్దున గెనుసుగడ్డలు. ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించి, తోలు తీసి, నా చూపుడు వేలంత పొడుగు ముక్కలు కోశాను. గుండ్రంగా చక్రాల్లా కోస్తే పిల్లలు చక్రం మొత్తం నోట్లో కుక్కుకుంటారు. పొడుగ్గా ఉంటే పిడికిట్లో పట్టుకుని కొరుక్కుంటారు. రెండు వేళ్ల మధ్య నొక్కితే ముక్క పూర్తిగా నలిగిపోవాలి, నేను చూసుకునే గుర్తు అది. పైన కొంచెం పచ్చికొబ్బరి కోరు. బెల్లం వేయలేదు. గడ్డలో ఉన్న తీపి వాళ్లకి చాలు. రెండేళ్ల లోపు బిడ్డకి తాటిబెల్లమైనా, చెరకు బెల్లమైనా కలిపిన తీపే.

మధ్యాహ్నం పచ్చి కందికాయలు. దర్శి వైపు నుంచి వచ్చిన కాయలు, గింజ లేతగా ఉంది. కాయలతోనే ఉప్పు నీళ్లలో ఉడకబెట్టుకుని చాప మీద కూర్చుని ఒలుచుకు తినడం మన వైపు ఈ కాలంలో అందరిళ్లలో జరిగేదే. పిల్లలకి మాత్రం గింజని అలాగే ఇవ్వను. పొట్టు జార్చి, గింజని బొటనవేలితో అదిమి చదును చేసి గిన్నెలో వేస్తాను. ఓపిక కావాలి. గిన్నె నింపేలోపు ఇద్దరు నా ఒళ్లోకి ఎక్కేశారు.

గోడవారగా ఎవరూ కూర్చోలేదు. బాబు పక్కపాప గిన్నెలోంచి ఒక గింజ తీసుకుని నోట్లో వేసుకున్నాడు. నేను ఆపాల్సిన అవసరం లేకపోయింది.

జనవరి 21

గోధుమ పడని బాబు చేరాడు. వాళ్లమ్మకి మొదటి రోజు బెరుకు. వంటిల్లంతా చూపించాను.

సజ్జ రొట్టె మొదలుపెట్టాను. సజ్జపిండి ఒక్కటే అయితే రొట్టె విరిగి పొడిపొడి అవుతుంది, పిల్లల గొంతుకి గరుకు. బాగా మాగిన చిన్న అరటిపండుని చిదిమి, అందులో పట్టినంత సజ్జపిండి వేసి, వేడినీళ్లు చిలకరించి కలిపితే ముద్ద కుదిరింది. అరచేతిలో తట్టి, మూత పెట్టి సన్న మంట మీద కాల్చాలి. చల్లారినా మెత్తగానే ఉంది. సజ్జపిండి నిలవ ఉంటే చేదెక్కుతుంది, అందుకే వారానికి సరిపడానే ఆడించాలి.

ఆడించడం దగ్గరే అసలు చిక్కు. పిండిమరలో మనకంటే ముందు గోధుమలు ఆడి ఉంటారు, రాయికి, గొట్టానికి అంటిన పిండి మన పిండిలోకి దిగుతుంది. మరాయన మంచివాడు. పొద్దున తెరవగానే మొదటి ఆడింపు మాకే ఇస్తానన్నాడు, ముందు రెండు గుప్పెళ్ల బియ్యం ఆడించి తీసేస్తానన్నాడు. నేను కూడా ఊగిసలాడాను. కానీ ఈ బాబుకి కొంచెం తగిలినా ఆయాసం వస్తుందని వాళ్లమ్మ చెప్పింది. మర ఆలోచన మానుకున్నాను. సజ్జలు, రాగులు కడిగి, ఎండబెట్టి, మిక్సీలో కొంచెం కొంచెంగా పట్టి జల్లిస్తున్నాను. పని ఎక్కువే. ఒక తల్లి ఆదివారాలు వచ్చి జల్లించి పెడతానంది.

ఫిబ్రవరి 2

బొరుగులు పెట్టాలని ఎంతో అనుకున్నాను. తడిపి పిండిన బొరుగుల్లో పుట్నాల పొడి, కొబ్బరి వేసి తిరగమోత పెడితే పిల్లలు ఇష్టంగా తింటారు, గోధుమా లేదు, పాలూ లేవు. అంగట్లో బొరుగుల బస్తా, శెనక్కాయల బస్తా పక్కపక్కనే ఉంటాయి, కొలిచే డబ్బా కూడా ఒకటే. సరే, బట్టీ దగ్గరే కొందామని వెళ్లాను. అక్కడ నిలబడి చూస్తే బొరుగులు, పుట్నాలు, శెనక్కాయలు మూడూ అదే బాండీలో అదే ఇసుకలో వేగుతున్నాయి. ఇసుక మారుస్తారా అని అడిగాను. ఎందుకు మారుస్తామమ్మా అన్నాడు. వాళ్ల పని పద్ధతి అది, తప్పు పట్టేది ఏమీ లేదు.

బొరుగులు, పుట్నాలు రెండూ పోయాయి. వాటి బదులు సీలు వేసిన దొడ్డు అటుకులు. కడిగి కాసేపు నాననిచ్చి, ఉడికిన క్యారెట్ చిదిమి కలిపి, ఇంట్లో వేయించి కొట్టిన పెసరపప్పు పొడి చల్లాను. అందరికీ నచ్చింది. గుడ్డు పడని పాప రెండోసారి గిన్నె చాపింది.

ఫిబ్రవరి 11

రాగి పొంగణాలు కుదిరాయి. గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల బియ్యం నానబోసి రుబ్బి, గ్లాసు రాగిపిండి కలిపి రాత్రంతా పులియబెట్టడం. చలికి పిండి పొంగక, గిన్నెని పొయ్యి గట్టు మీద దుప్పటి చుట్టి పెట్టాను. అందులో క్యారెట్ కోరు, సన్నగా తరిగిన లేత మునగాకు. పెద్దవాళ్లకి చేసినట్టు పైన కరకరలాడేలా కాల్చకూడదు, పళ్లు పూర్తిగా రాని నోటికి అంచు గుచ్చుకుంటుంది. మంట తగ్గించి, మూత పెట్టి, గుంటలో పిండి సగానికే పోస్తే లోపల ఉడుకుతుంది, పైన మెత్తగా ఉంటుంది. తీశాక మూతబెట్టిన గిన్నెలో వేస్తే ఆ ఆవిరికే ఇంకా మెత్తబడతాయి. ఒక్కోదాన్ని నాలుగు ముక్కలు చేసి ఇస్తున్నాను.

ఫిబ్రవరి 24

పాలు లేని బాబుకి కాల్షియం ఎలాగని వాళ్లమ్మ బెంగ. నేనూ లెక్క వేశాను. మూడేళ్ల లోపు బిడ్డకి రోజుకి 500 మిల్లీగ్రాములు కావాలని మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. వాళ్ల 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాములు ఉంది, ధాన్యాల్లో ఇది చాలా ఎక్కువ. కానీ బిడ్డ ఒక పూట తినే పొంగణాల్లో రాగిపిండి 20 గ్రాములు ఉంటే గొప్ప. అంటే 70 చిల్లర. రాగులు పెట్టాం కదా పాలు లేకపోయినా ఫర్వాలేదు అనుకుంటే బిడ్డకి అన్యాయం చేసినట్టే. ఈ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాను. ఆయన కాల్షియం మందు, డి విటమిన్ చుక్కలు రాసిచ్చి, మూడు నెలలకోసారి బరువు, పొడుగు చూస్తానన్నారు. కొబ్బరిపాలు రుచికి వాడుకోవచ్చు గానీ అవి పాలకి బదులు కావని కూడా చెప్పారట.

ఇనుము కోసం అలసందలు. మెత్తగా ఉడికించి, అదిమి, నాలుగు చుక్కలు నిమ్మరసం. గింజల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే సి విటమిన్ తోడు కావాలి. గూడూరు, పొదలకూరు నిమ్మకాయలు దొరికే చోట ఉండి ఆ చుక్కలు పిండకపోతే ఎలా.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం వాడొచ్చా అని ఒకరు అడిగారు. పడే పిల్లలకి ఇంట్లో నిశ్చింతగా పెట్టుకోవచ్చు. అందులో గోధుమ, పాలపొడి ఉన్నాయి కాబట్టి మా చాప మీదకి మాత్రం రాదు.

మార్చి 5

ఒక పాప పుట్టినరోజు. వాళ్ల నాన్న కేకు తెస్తానని ఫోన్ చేశాడు. కేకు బదులు పుచ్చకాయ తెమ్మన్నాను. గింజలు తీసి, మందంగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన సపోటా ముక్కలు. ద్రాక్ష కూడా తెచ్చాడు. ఒక్కో పండునీ నిలువునా నాలుగు చీలికలు చేశాను. గుండ్రటి ద్రాక్ష పసిగొంతుకి చాలా ప్రమాదం.

ఆయన తెచ్చిన బిస్కెట్ల పొట్లం వెనక ఏం చూడాలో అక్కడే చూపించాను. 2020లో వచ్చిన ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) లేబుల్ నిబంధనల ప్రకారం గోధుమ లాంటి గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, శెనక్కాయ, జీడిపప్పు లాంటి గింజలు, సోయా, సల్ఫైట్లు ఉంటే పొట్లం మీద విడిగా రాయాలి. నువ్వులు ఆ జాబితాలో లేవు. అందుకని నువ్వుల కోసం పదార్థాల వరస మొత్తం చదవాల్సిందే. విడిగా తూచి అమ్మే మిఠాయికి, కారానికి చదవడానికి లేబులే ఉండదు. అవి మా గడప దాటి లోపలికి రావు.

మార్చి 14

గోడ మీద కాగితం అంటించాను. పడనిది తగిలిందనే గుర్తులు: దద్దుర్లు, పెదాలు లేదా కళ్ల వాపు, ఆగని వాంతులు, పిల్లికూతలు, గొంతు మారడం, బిడ్డ వాలిపోవడం. ఊపిరి కష్టమైనా, బిడ్డ సోలిపోయినా ఇంకేమీ ఆలోచించకుండా 108. దద్దుర్ల సిరప్పు పట్టించి చూద్దామని ఆగకూడదు, అలాంటప్పుడు ప్రాణం నిలిపే మందు అడ్రినలిన్ ఇంజెక్షనే. బిడ్డని ఎత్తుకుని అటూ ఇటూ పరిగెత్తకుండా పడుకోబెట్టాలి, ఊపిరి కష్టంగా ఉంటే కూర్చోబెట్టాలి. ముగ్గురి డాక్టర్ల నంబర్లు, ఎవరికి ఏది పడదో పెద్ద అక్షరాలతో రాశాను. నాకు సాయం చేసే అమ్మాయి చేత మూడుసార్లు చదివించాను. దేవుడి దయ వల్ల ఇంతవరకు ఆ అవసరం రాలేదు.

ఉగాది ముందు రోజు

వరస కుదిరింది. సోమవారం రాగి పొంగణాలు, మధ్యాహ్నం బొప్పాయి. మంగళవారం అలసందలు, అరటిపండు. బుధవారం అటుకులు, సపోటా. గురువారం సజ్జ రొట్టె, ఉడికిన బీట్‌రూట్ ముక్కలు. శుక్రవారం పెసరపప్పు బియ్యంరవ్వ కుడుములు, ఏ పండు దొరికితే ఆ పండు. శనివారం గెనుసుగడ్డ దొరికితే అది, లేకపోతే గుమ్మడికాయ ఆవిరి మీద. మిగతా ఇళ్లవాళ్లు బిస్కెట్టు డబ్బాలు పంపడం మానేశారు.

దానికో లాభం కనిపిస్తోంది. వేళకాని వేళ బిస్కెట్టు నమిలే అలవాటు పోయి, అన్నం వేళకి పిల్లలకి నిజంగా ఆకలి వేస్తోంది. చిరుతిండికి, అన్నానికి మధ్య రెండు గంటల ఎడం తప్పకుండా ఉంచుతున్నాను. ఈ మధ్యలో మంచినీళ్లు తప్ప ఏమీ ఇవ్వను.

ఏప్రిల్ 9

ముంజలు వచ్చాయి. తుమ్మలపెంట వైపు నుంచి తెచ్చి రోడ్డు పక్కన కొడుతున్నారు. లేతవి ఏరుకుని, పై తొక్క ఒలిచి, లోపలి నీళ్లు గిన్నెలో వంచి, గుజ్జుని చెంచాతో మెదిపి పెట్టాను. ముక్కగా ఇస్తే నోట్లో జారి నేరుగా గొంతులోకి పోతుంది, అందుకే మెదపడం. పిల్లలందరి మొహాలకీ, మోచేతులకీ ముంజే. కొత్త బాబు వాళ్లమ్మ ఈ ఫోటో పంపమని అడిగింది.

పాలు పడని బాబుకి నువ్వుల పరీక్ష ఈ నెలాఖరుకి ఆస్పత్రిలో పెట్టుకున్నారు. పడతాయని తేలితే ముద్దగా నూరి సజ్జ రొట్టెలో కలుపుతాను. తేలకపోతే ఇప్పుడున్న వరసే. మామిడిపండుకి ఇంకా ఇద్దరి తల్లులు టిక్కు పెట్టలేదు, రేపు సాయంత్రం అడగాలి. రాగులు అయిపోవచ్చాయి, ఆదివారం లోపు కడిగి ఎండబెట్టాలి.